పిట్ట ముట్టిన మాట

పిట్ట ముడుతలేదు.

ఇస్తారి పెట్టి అరగంటాయె. కాలిన జాగకు పదడుగుల దూరంల, మోదుగాకుల ఇస్తారిల జంగయ్య ఇష్టంగ తినేవన్ని పెట్టిండ్రు. బువ్వ, కోడికూర, రెండు గారెలు, ఒక బీడీల కట్ట, ప్లాస్టిక్ గ్లాసుల చాయ్. చాయ్ ఆయన పెండ్లాం ఎంకమ్మ పెట్టమన్నది. డ్రైవరు మనిషి, పూట బువ్వ లేకున్న ఉంటడు గాని చాయ్ లేకుంటే ఉండలేడు. ఆ చాయ్ చల్లారి మీద మీగడ కట్టింది. తుమ్మకొమ్మ మీద రెండు కాకులు కూసున్నయి. ఒకటి మెడ పక్కకు తిప్పి ఇస్తారి దిక్కు చూస్తున్నది గాని దిగుతలేదు.

"జర దూరం జరుగుండ్రి. పిట్ట బెదురుతది," అన్నడు నారయ్య. కులపెద్ద ఆయన. చావుకైన పెండ్లికైన ఆయన నోట్లకెల్లి మాట రాంది ఏ పని ముంగటికి పోదు.

అందరు జరిగిండ్రు. ఇబ్రహీంపట్నం చెర్వు దిక్కుకెల్లి తడిగాలి కొడుతున్నది. అదే తుమ్మచెట్టుకు ఇంకో కొమ్మకు కొత్త కుండ ఏలాడుతున్నది, మూతికి తెల్లబట్ట కట్టి. పొద్దుగాల బూడిదల బొక్కలు ఏరేటప్పుడు జంగయ్య బిడ్డ లిఖిత పాల చెంబు పట్టుకోని ముంగటికి వంగింది. "ఆడిపిల్ల ముట్టొద్దు బిడ్డా," అని నారయ్య చెయ్యి అడ్డం పెట్టిండు. జంగయ్య అన్న కొడుకు ఐలేష్ ఏరిండు. తలకొరివి పెట్టింది గూడ వాడే. లిఖిత చేతిల పాల చెంబు అట్లనే ఉన్నది, ఇప్పటిదాంక.

"ఏమన్న మొక్కుకోండ్రయ్యా. మనసుల ఏం పెట్టుకోని పోయిండో," అన్నడు నారయ్య.

జంగయ్య అన్న రాంచందర్ చేతులు జోడించి నిలవడ్డడు. "తమ్మీ, నీ బిడ్డ ఫికర్ జెయ్యకు. నా బిడ్డ లెక్క జూస్కుంట."

కాకి రెక్క గోక్కున్నది.

"కాకా, నీ బండి మంచిగ జూస్కుంట," అన్నడు ఐలేష్. "నెల నెల సర్వీసింగ్ చేపిస్త."

ఎనక ఎవలో కిసుక్కుమన్నరు. నారయ్య మర్లి చూసేటాలకు సప్పుడు బందయ్యింది.

"ఎంకమ్మా, నువ్వు చెప్పు. ఆయనకేమన్న కోరిక మిగిలిందా?"

ఎంకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. ఇరవై ఏండ్లు కాపురం చేసిన మనిషి కోరిక ఏందని అడిగితే ఏం చెప్తది? నడుము నొప్పి తగ్గాలె అంటుండె. సీటు కవర్లు కొత్తవి ఎయ్యాలె అంటుండె. మొన్న పండినోడు పొద్దుగాల లేవకపాయె.

"ఎత్తిపోతల," అన్నది లిఖిత.

అందరు ఆ పిల్ల దిక్కు చూసిండ్రు.

"నన్ను, అమ్మను ఎత్తిపోతలకు తీస్కపోత అన్నడు బాపు. నేను ఆరో తరగతిల ఉన్నప్పటికెల్లి అంటున్నడు."

"అయ్యో, గంతేనా," అన్నడు రాంచందర్. "ఎట్లాగు కుండ తీస్కోని సాగర్ పోవాలె. ఆడికెల్లి ఎంత దూరం? తీస్కపోత తమ్మీ, ఇద్దర్ని తీస్కపోత."

మాట నోట్లె ఉండంగనే కాకి దిగింది. రెండు దుంకులు దుంకి గారె ముక్కున పట్టుకోని లేసిపోయింది. పోతపోత గ్లాసుకు తలిగితే చాయ్ ఒలికిపోయింది. బూడిద రంగు మట్టి ఆ చాయ్ మొత్తం గుంజుకున్నది.

*

నాలుగోనాడు పొద్దుగాల రాంచందర్ బండి తాళంచెవి కోసం వచ్చిండు. తుఫాన్ బండి వాకిట్ల ఉన్నది. ముంగటి అద్దం మీద పచ్చటి అక్షరాలతోని 'లిఖిత' అని అతికిచ్చి ఉన్నది. ఆదివారం వచ్చిందంటే ఆ బండి పట్నపోళ్ళను ఎక్కిచ్చుకోని సాగర్‌కు, ఆడికెల్లి ఎత్తిపోతలకు పోయేది. సీటు ఖాళీ పోతే గిరాకి పోయినట్టే. ఇంట్లోళ్ళను ఎక్కిచ్చుకునే ఆదివారం ఒక్కటి గూడ రాలేదు.

ఎంకమ్మ తాళంచెవి తెచ్చి చేతిల పెట్టకుంట పిడికిట్ల పట్టుకోని నిలవడ్డది.

"బావా, ఒక మాట."

"చెప్పు."

"కుండ నీళ్ళల్ల ఇడిసేది నా బిడ్డ చేత ఇడిపిస్త."

రాంచందర్‌కు కోపం రాలేదు. వస్తే మంచిగుండేది, ఎంకమ్మ గూడ నాలుగు మాటలు అనేది. ఆయన అర్థంగాని పిల్లకు చెప్పినట్టు మెల్లగ చెప్పిండు.

"కొడుకు లేనోనికి అన్న కొడుకే కొడుకు. తలకొరివి పెట్టిన చెయ్యే నీళ్ళల్ల గలపాలె. రెండు చేతులు పడితే పోయినోనికి తొవ్వ దొరకదంటరు. ఊరు గూడ ఏమనుకుంటది? ఆ చెయ్యి తోటే రేపు బండి నడవాలె, ఇంటి మంచిచెడ్డ నడవాలె. నీకెందుకు ఇవన్ని? నువ్వు రా, కూసో, మొక్కు. సాలు."

ఎంకమ్మ పిడికిలి ఇప్పింది. తాళంచెవి ఆమె చెమటతోని తడిసి ఉన్నది. ఆయన దాన్ని అంగికి తుడుసుకోని జేబుల ఏసుకున్నడు.

లోపల లిఖిత ఉల్లిగడ్డలు కోస్తున్నది. డిగ్రీ మొదటి సంవత్సరం పిల్ల, మాట తక్కువ. "అడిగి ఎందుకు తక్కువైతవ్ అమ్మా," అన్నది తల ఎత్తకుంట.

"బాపుకు నువ్వంటె పానం బిడ్డా."

"తెలుసు."

ఆదివారం గిరాకి కొట్టి వచ్చినంక జంగయ్య కాళ్ళు కడుక్కోని గడప మీద కూసునేది. లిఖిత పక్కన చేరేది. ఎన్నిసార్లు చెప్పినా మొదాట్ల కెల్లి చెప్పాలె. "మూడు వాగులు బిడ్డా. నక్కల వాగు, తుమ్మల వాగు, చంద్రవంక. నల్లమల గుట్టలల్ల పుట్టి మూడు దిక్కులకెల్లి వస్తయి. గుట్ట అంచు మీద గలుస్తయి. గలిసినంక ఆగుతయా? ఆగవు. డెబ్బై అడుగులు ఒక్కటే దుంకుడు. కింద గుండం. గుండం ఒడ్డుకు మొసళ్ళు నోరు తెర్సుకోని ఎండకు పడుకుంటయి. మనం ఇవతలి గట్టు మీద నిలవడితే తుంపర మొకం మీద పడ్తది, పసిపిల్ల తుమ్మినంత సన్నగ." "ఆడికెల్లి నీళ్ళు ఏడికి పోతయి బాపూ?" "యాడికి పోతయి? గుట్టల సందుల మూడు కిలోమీటర్లు పారి కృష్ణమ్మల గలుస్తయి."

ఎంకమ్మ గంజి గిన్నెలు తోముకుంట ఇనేది. ఇనీ ఇనీ ఆమెకు గూడ ఆ తుంపర ఎరికైన దాని లెక్కనే ఉండేది.

*

ఐదోనాడు ఆదివారమే పడ్డది. బండి ఐలేష్ నడిపిండు. ముంగట రాంచందర్, నారయ్య. నడుమ రాంచందర్ భార్య, ఐలేష్ దోస్తులు ఇద్దరు. దోస్తులెందుకో ఎవలు అడగలేదు. ఎనక అడ్డం సీట్ల ఎంకమ్మ, లిఖిత. కుండ ఎంకమ్మ ఒళ్ళె.

"కుండ నేలకు ఆనొద్దు," అన్నడు నారయ్య ఎక్కేటప్పుడే. "బండి ఆగినా, ఎవలు దిగినా, అది చేతులనే ఉండాలె. నేలకు ఆనిందంటే ఆ జాగల్నె ఆగిపోతడు మనిషి."

యాచారం దాటింది. మాల్ ఊరి కాడ ఐలేష్ దోస్తులు మిర్చి బజ్జీలు కొనుక్కున్నరు. మల్లేపల్లి దాటినంక రోడ్డు బోసిగ అయ్యింది. ఎంకమ్మ రెండు చేతులతోని కుండను పొట్టకు ఆనిచ్చి పట్టుకున్నది. గతుకు వచ్చినప్పుడల్ల లోపల బొక్కలు ఒకదానికొకటి తాకి సన్నగ సప్పుడైతున్నయి. బరువేం లేదు. అంత మనిషి, సీట్ల కూసుంటే స్టీరింగు ఒత్తుకునే మనిషి, పాలకుండంత గూడ లేడు. లిఖిత వాంతి రాకుంట కిటికీల కెల్లి మొకం బయట పెట్టి కూసున్నది. ఎవలు ఏడుస్తలేరు. ముంగట పాటలు పెట్టబోయి ఐలేష్ మల్ల బంద్ చేసిండు.

సాగర్ వచ్చినంక బండి ఆపబోతె నారయ్య వద్దన్నడు. "ముందు ఎత్తిపోతల జూసి వద్దాం. నీళ్ళల్ల గలిపినంక ఎన్కకు మర్లి సూడకుంట నేరుగ ఇంటికి పోవాలె. నడుమ ఏడ ఆగొద్దు."

వంతెన దాటి మాచర్ల రోడ్డు ఎక్కిండ్రు. అర్ధగంటల ఎత్తిపోతల కాడ బండ్లు నిలిపే జాగల ఆగిండ్రు. భాద్రపదం వానలకు గుట్టలన్ని పచ్చగున్నయి. ఆదివారం గాబట్టి మందే మంది. మొక్కజొన్న కంకులు కాల్చే వాసన. నీళ్ళు కనపడుతలెవ్వు గాని సప్పుడు ఇనపడుతున్నది, లోడు లారీ ఘాటు ఎక్కుతున్నట్టు, ఆగకుంట.

లిఖిత తల్లి మోచెయ్యి పట్టుకోని దింపబోయింది.

"ఆగు బిడ్డా," అన్నడు నారయ్య. "కింద రంగనాథస్వామి గుడి ఉన్నది. దత్తాత్రేయుని గుడి ఉన్నది. మైల కుండ తోని ఆ దిక్కు పోవద్దు."

"మరి?"

"ఎవలన్న ఒకలు పట్టుకోని ఈడ్నె ఉండాలె."

అందరు ఎంకమ్మ దిక్కు చూసిండ్రు. కుండ ఒళ్ళె ఉన్నది గద, ఆమెదే ఆ పని అన్నట్టు, రాంచందర్ భార్య చెప్పులు సరిచేసుకున్నది.

"పెద్దబాపూ, పిట్ట ముట్టింది మా ఇద్దర్ని తీస్కపోతమంటెనే గద," అన్నది లిఖిత.

"తీస్కొచ్చినం గద బిడ్డా. ఇది ఎత్తిపోతల గాదా? నువ్వు రా. మీ అమ్మకు సప్పుడు ఇనపడుతనే ఉన్నది."

"అమ్మ లేంది నేను రాను."

"నీ ఇష్టం. పది నిముషాల్ల వస్తం," అని ఆయన నడిచిండు. ఐలేష్ అప్పటికే దోస్తులతోని ఉరుకుతున్నడు, ఫోను చేతిల పట్టుకోని.

*

పది నిముషాలాయె, ఇరవై ఆయె. బండికి ఎదురుంగ రేకుల చాయ్ దుకాణం ఉన్నది. కట్టెల పొయ్యి. చాయ్ పోసే ఆమె పొగల కెల్లి రెండు మూడుసార్లు బండి దిక్కు చూసింది. ఆఖరికి చేతులు కొంగుకు తుడుసుకుంట వచ్చింది. యాభై ఏండ్ల మనిషి, మాచర్ల దిక్కు మాట.

"ఏమ్మా, ఇది జంగన్న బండే కదా? ముందద్దం మీద పేరు చూసి వచ్చాను. ఆయన రాలేదా?"

ఎంకమ్మ కుండ మీది తెల్లబట్టను అరచేత నిమిరింది.

"వచ్చిండు," అన్నది. "ఇగో."

చాయ్ పోసే ఆమె బండి మెట్టు మీద కూలబడ్డది. "అయ్యో, కిందటి ఆదివారమే కదమ్మా... ఇదిగో, ఆ రాయి మీదే కూర్చున్నాడు." పొయ్యి పక్కన బల్లపరుపు రాయి ఒకటి ఉన్నది. కూసోని కూసోని నడుమ నున్నగ మెరుస్తున్నది. "నువ్వు లిఖితవా తల్లీ? నీ మార్కులు ఎంతొచ్చాయో కూడా నాకు తెలుసు."

లిఖిత ఆ రాయినే చూస్తున్నది. "నీళ్ళు చూసి వచ్చినంక ఆడ కూసునేదా?"

"నీళ్ళెక్కడ చూశాడమ్మా? ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా దిగలేదు. నేనే అనేదాన్ని, ఇంత దూరం వస్తావు, నాలుగు అడుగులేసి చూసి రారాదా అని. నా ఇంటిదాన్ని, బిడ్డను తీసుకొచ్చిననాడు ముగ్గురం ఒకేసారి చూస్తం అనేవాడు. పైకెక్కి వచ్చినవాళ్ళను మాత్రం వదిలేవాడు కాదు. నీళ్ళెట్లా ఉన్నాయి, మొసలి కనపడిందా, తుంపర మొహం మీద పడిందా అని ఒకటే అడగటం. వాళ్ళు చెబుతుంటే చాయ్ చల్లారిపోయేది."

గడప మీద కూసోని చేతులు తిప్పుకుంట చెప్పిన మనిషి ఎంకమ్మ కండ్ల ముంగట ఉన్నడు. మూడు వాగులు, డెబ్బై అడుగులు, మొసళ్ళు, పసిపిల్ల తుమ్ము. అన్ని వేరేటోళ్ళ కండ్లు. వేరేటోళ్ళ మొకాల మీది తుంపర.

"బాపు సూడనే లేదు," అన్నది లిఖిత. గొంతు కోపంగ ఉన్నదో ఏడుపుగ ఉన్నదో తెలుస్తలేదు.

ఎంకమ్మ కుండను భుజానికి ఎత్తుకోని బండి దిగింది. చాన సేపు కూసున్నదాయె, మోకాళ్ళు పట్టేసినయి.

"అక్కా, నువ్వు నీళ్ళు యాడికెల్లి తెచ్చుకుంటవ్?"

"పై వాగులోంచి. ఇదిగో ఈ కాలిబాట."

"గుళ్ళు ఆ బాటల లెవ్వు గదా?"

"గుళ్ళు కింద కదమ్మా. ఇది నీళ్ళు దూకకముందు."

"దుంకినంక కృష్ణలనే గలుస్తయా? నిజంగనేనా?"

"ఇంకెక్కడికి పోతాయి? మూడు కిలోమీటర్లు పోతే కృష్ణే." అని ఆమె ఎంకమ్మ మొకం చూసింది, కుండను చూసింది, పిల్లను చూసింది. "రండి," అన్నది. చాయ్ గిన్నె పొయ్యి మీదికెల్లి దించి పక్కన పెట్టింది.

తుప్పల నడుమ సన్నటి బాట. లిఖిత ముంగట తుప్పలు పక్కకు వంచుతున్నది. రెండు చేతులు పడితే తొవ్వ దొరకదని బావ అన్నమాట ఎంకమ్మ చెవుల తిరుగుతున్నది. నిజమైతే ఎట్ల? ఆగింది. లిఖిత ఎన్కకు చూసింది.

"ఏందమ్మా?"

"ఏం లేదు. నడువు. ఆయనకు రోడ్లన్ని ఎరికనే."

వాగు ఎర్రగ, ఎడల్పుగ పారుతున్నది. పది బారల అవతల నీళ్ళు ఒక్కసారే అయిపోయినయి. ఎవలో కత్తితోని కోసినట్టు అంచు. అంచు అవతల ఖాళీ. ఆ ఖాళీలకెల్లి పొగ లెక్క తుంపర పైకి లేస్తున్నది. సప్పుడుకు రొమ్ము లోపల అదురుతున్నది. ఎంకమ్మ చెప్పులిడిసి చీలమండల లోతు నీళ్ళల్లకు దిగి కుండను బిడ్డ చేతుల పెట్టింది.

"ఇంక ముందుకు పోవద్దమ్మా, పాచి ఉంటుంది," అని చాయ్ ఆమె లిఖిత తెల్ల చున్నీ కొస పట్టుకున్నది.

లిఖిత ముడి ఇప్పింది. కుండ వంచింది. బూడిద ముందుగాల నీళ్ళ మీద తెట్టు లెక్క పరుసుకున్నది, ఆగి చూసినట్టు ఒక సుట్టు తిరిగింది, అటెనక నీళ్ళు అందుకున్నయి. బొక్కలు మునిగి, కింద రాళ్ళ మీద దొర్లుకుంట పోయినయి.

"పో బాపూ," అన్నది లిఖిత. "సూడుపో."

తెల్లటి చార అంచు దాంక పోయింది. అంచు మీద ఒక్క గడియ కనపడ్డది. మల్ల లేదు.

ఎంకమ్మ ఊదా రంగు కొంగు నోట్ల కుక్కుకున్నది. ఐదు దినాలసంది రాని ఏడుపు వచ్చింది. ఎంత గట్టిగ ఏడిచినా ఆ సప్పుడుల ఎవలకు ఇనపడలేదు. ఆమెకే ఇనపడలేదు.

ఏడ్చినంక కుండ యాదికొచ్చింది. ఖాళీ కుండ.

చాయ్ ఆమెకు ముందే యాదికొచ్చినట్టున్నది. దుకాణం కాడికి రాంగనే పొయ్యి ఎనక కుప్ప కాడికి పోయి రేకుముక్కతోని చల్లారిన బూడిద తోడింది. ఎంకమ్మ చేతులల్ల కుండ, ఆమె పోసింది. బూడిదల చాయ్‌పత్త నల్లగ అక్కడక్కడ ఉన్నది. లిఖిత వాగుల కెల్లి తెచ్చిన తెల్ల గులకరాళ్ళు పిడికెడు, ఒక్కొక్కటి ఏసింది. బట్ట కట్టింది. ముడి నారయ్య ఏసినట్టే ఏసింది.

"ఇరవై ఏళ్ళు ఈ పొయ్యి పక్కనే కూర్చున్నాడులే," అన్నది ఆమె. "పరాయి బూడిదేం కాదు."

*

వాళ్ళు గంటకు వచ్చిండ్రు. రాంచందర్ మీసాల మీద గూడ తుంపర ఉన్నది.

"మస్తుగున్నది చిన్నమ్మా!" అన్నడు ఐలేష్. "వీడియో తీసిన, జూపిస్త."

"కుండ నేలకు ఆనలేదు గదా?" అన్నడు నారయ్య.

"లేదు మామా," అన్నది ఎంకమ్మ. "చేతులు దాటలేదు."

సాగర్ ఘాటు కాడ ఐలేష్ నడుము లోతు నీళ్ళల్ల నిలవడ్డడు. నారయ్య బట్ట జరంత సందు చేసి పాలు పోసిండు. బూడిద తడిసి బుస్సుమన్నది. ఆయన ముక్కు దగ్గరికి పెట్టి ఒక్క క్షణం ఆగిండు. "ఇడువు బిడ్డా, మూడుసార్లు ముంచి ఇడువు," అన్నడు.

కుండ కదిలితే లోపల గులకరాళ్ళ సప్పుడైంది. రాంచందర్ ఆ సప్పుడు ఇని గుండె పలిగినట్టు ఏడ్చిండు. "తమ్మీ... ఇద్దరం ఒక్క సైకిల్ తోలినం గదరా..." నటన గాదు అది. గట్టు మీద చతికిలబడి, మట్టి చేతులతోని మొకం కొట్టుకుంట ఏడ్చిండు. ఎంకమ్మకు చెప్పేద్దామా అని నోటిదాంక వచ్చింది. నీ తమ్ముడు పొద్దుగాల్నే పోయిండు బావా, బిడ్డ సాగదోలింది, మంచిగ పోయిండు అని. లిఖిత ఆమె మణికట్టు పట్టుకున్నది. కుండ గుడగుడ నీళ్ళు తాగి మునిగింది.

"ఇగ ఎవలు ఎన్కకు సూడొద్దు," అన్నడు నారయ్య.

సూడలేదు ఎవలు.

*

తొమ్మిదోనాడు ఐలేష్ బండి కడుగనికి వచ్చిండు. తెల్లారితె దశదినం, చుట్టాలను తేవాలె. బకెట్ల నీళ్ళు, చేతిల బ్లేడు. సీట్లు తుడిచి, ముంగటి అద్దం కాడికి వచ్చి పచ్చటి అక్షరాలను గీకుడు వెట్టిండు. చివరి అక్షరం సగం లేసి గాలికి రెపరెపలాడింది.

"ఐలేషూ," అన్నది ఎంకమ్మ. గడప మీద కూసోని ఎల్లిపాయలు ఒలుస్తున్నది. "పేరు గీకకు."

"పాతదైంది చిన్నమ్మా. కొత్తది ఏపిస్త అన్నడు నాయిన."

"మీ నాయినకు నేను చెప్పుకుంట. అది గీకితే ఆ తొవ్వ పొడుగున బండి ఎవలదో ఎవలకు ఎరికగాదు. బ్లేడు ఆడ పెట్టు."

ఎన్నడు అట్ల మాట్లాడని మనిషి. ఐలేష్ బ్లేడు బానెట్ మీద పెట్టిండు. ఏం చెయ్యాలనో తోచక చేతులు తుడుసుకోని వచ్చి పక్కన గొంతుకూసున్నడు. చెడ్డ పిలగాడేం గాదు. జేబులకెల్లి ఫోను తీసిండు.

"ఆనాడు మీరు సూడనే లేదు గద. ఇగో."

లిఖిత లోపలికెల్లి వచ్చి తల్లి ఎనక నిలవడ్డది.

అరచేతంత అద్దంల ఎత్తిపోతల దుంకుతున్నది. ఎంకమ్మ ముందటికి వంగింది. మూడు పాయలు. నిజమే, మూడు. తెల్లగ, ఎర్రగ, మల్ల తెల్లగ. కింద గుండం, పచ్చటి చెట్లు, పొగ. ఒక్కటి గూడ తప్పు చెప్పలేదు మనిషి. పైన ఆకాశానికి ఆనిన అంచు కాడ చీమలంత మూడు బొమ్మలు. ఒకటి ఊదా రంగు చీర. ఒకటి తెల్లటి చున్నీ. ముంగటికి వంగి ఉన్నది. అంచు మీదికెల్లి బూడిద రంగు గీత ఒకటి జారి, తెల్లటి నీళ్ళల్ల సగం దాంక కనపడి, కలిసిపోయింది.

"గా పైన ఎవలో బట్టలు పిండుతున్నరు చిన్నమ్మా," అన్నడు ఐలేష్ నవ్వుకుంట. "గసొంటి జాగల! పానాల మీద తీపి లేదు."

"అవ్ బిడ్డా," అన్నది ఎంకమ్మ. "ఎవలో పాపం."

బొమ్మ ఆగిపోయింది. ఎల్లిపాయ పొట్టు గాలికి లేసి ఆమె మొకం మీద పడ్డది. తుడుసుకోలేదు.

"ఇంకోపారి పెట్టు," అన్నది.